యూనివర్సిటీ పనిమీద విశాఖ వస్తున్నారా? గది ఇలా చూసుకోండి

విశాఖపట్నం లాడ్జీల్లో కౌంటర్ దగ్గర కూర్చునే ఉద్యోగంలోనే నా జీవితమంతా గడిచింది. డాబాగార్డెన్స్‌లో ఓ చిన్న లాడ్జిలో మొదలుపెట్టాను. ద్వారకానగర్‌లో మేనేజరుగా పనిచేసి మానుకున్నాను. లాడ్జి రిజిస్టర్‌లో ‘వచ్చిన పని’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘ఏయూ పని’ అని రాసేవాళ్ళు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. పీజీ అడ్మిషన్‌కి కూతుర్ని తీసుకొచ్చిన తండ్రి, దూరవిద్య పరీక్షలు రాయడానికి సెలవు పెట్టి వచ్చిన టీచరు, అమెరికా వెళ్ళే కొడుకు ట్రాన్‌స్క్రిప్టుల కోసం వచ్చిన తల్లి, పీహెచ్‌డీ వైవాకి ముందురోజు రాత్రి దిగిన కుర్రాడు. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు నుంచే కాదు, అటు రాయగడ, బరంపురం నుంచి కూడా వస్తారు.

వీళ్ళలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, “గదిలోంచి సముద్రం కనిపిస్తుందా?” అని. ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది. కానీ సముద్రం అందరిదీ. పని అయ్యాక సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ పైసా అడగరు. పనిమీద వచ్చినవాళ్ళు గదికి కట్టే డబ్బు మంచి నిద్రకి, ధారగా వచ్చే నీళ్ళకి, వేళకి యూనివర్సిటీ గేటు దగ్గరికి చేరడానికి. ఈ మూడూ దొరికిన గదే మంచి గది.

ముందు ఏ గేటో తేల్చుకోండి

ఏయూ, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1926లో బెజవాడలో మొదలై, తర్వాత వాల్తేరుకి వచ్చింది. మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. వందేళ్ళలో అది వందల ఎకరాల ఊరైంది. ఉత్తర ప్రాంగణం వేరు, దక్షిణ ప్రాంగణం వేరు. ఇంజనీరింగ్ కాలేజీ ఉత్తర ప్రాంగణంలో ఉంది. ‘యూనివర్సిటీకి దగ్గర’ అని హోటల్ వాళ్ళు రాసుకున్నది నిజమే కావచ్చు, అది మీకు పనిలేని గేటుకి దగ్గర కావచ్చు. మీ పని ఏ విభాగంలో, ఏ ప్రాంగణంలో ఉందో ముందు కాగితం మీద రాసుకోండి. మ్యాప్‌లో ఆ భవనం పేరు కొట్టి, అక్కణ్ణించి గదికి నడిచే దారి చూడండి. వాల్తేరు ఎత్తుపల్లాల ఊరు. మ్యాప్‌లో బెత్తెడు దూరం కనిపించినా, మే నెల ఎండలో ఎత్తు ఎక్కితే పరీక్ష హాల్లోకి చెమటతో వెళ్తారు.

ఇంకో మాట. విశాఖలో యూనివర్సిటీ అంటే ఏయూ ఒక్కటే కాదు. గీతం రుషికొండ దగ్గర ఉంది. అక్కడ పని పెట్టుకుని సిరిపురంలో గది తీసుకుంటే తెల్లవారుజామున అంత దూరం ప్రయాణం చెయ్యాలి. ఆన్‌లైన్ పరీక్షలైతే సెంటరు అసలు యూనివర్సిటీలో ఉండకపోవచ్చు. గాజువాక వైపో, పెందుర్తి వైపో పడుతుంది. హాల్‌టికెట్ మీద అడ్రసు చదవకుండా గది బుక్ చెయ్యొద్దు.

ఏ పేటలో దిగాలి?

సిరిపురం, వాల్తేరు అప్‌ల్యాండ్స్ ఏయూకి బాగా దగ్గర. అక్కడ హోటళ్ళు శుభ్రంగా ఉంటాయి, రేటూ ఎక్కువే. ఒక్క రాత్రి పని, ఉదయాన్నే వైవా ఉంటే ఆ ఖర్చు పెట్టినా తప్పులేదు.

మద్దిలపాలెం, ఇసుకతోట వైపు రేటు తగ్గుతుంది. పిల్లల మెస్సులు, టిఫిన్ సెంటర్లు ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు, మద్దిలపాలెంలోనే దిగిపోవచ్చు. అయితే అది జాతీయ రహదారి. రాత్రంతా లారీలు హారన్ కొడుతూ పోతాయి. అక్కడ గది తీసుకుంటే రోడ్డు వైపుది వద్దని, వెనక వైపుది ఇమ్మని అడగండి.

ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్, ఆశీల్‌మెట్టల్లో లాడ్జీలు ఎక్కువ. ఒకచోట నచ్చకపోతే పక్క సందులో ఇంకోటి దొరుకుతుంది. యూనివర్సిటీ వైపు ఆటోలకీ సిటీ బస్సులకీ లోటు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ మహిళలకి సిటీ బస్సుల్లో చార్జీ లేదు, గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంటే చాలు. తల్లీకూతుళ్ళు వస్తే నేను చెప్పేది ఇదే: గేటు పక్క గదికి ఎక్కువ కట్టేకన్నా కాంప్లెక్స్ దగ్గర దిగి బస్సెక్కండి. మిగిలిన డబ్బు తిండికి, ఫీజుకి పనికొస్తుంది.

రైల్వేస్టేషన్, అల్లిపురం, డాబాగార్డెన్స్ వైపు పాత లాడ్జీలు ఇంకా చవక. అర్ధరాత్రి రైలు దిగేవాళ్ళకి అనుకూలం. టికెట్ కొనేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి: హౌరా-చెన్నై మార్గంలో కొన్ని రైళ్ళు విశాఖ స్టేషన్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. రాత్రివేళ దువ్వాడలో దిగితే ఊళ్ళోకి రావడానికి ఆటోకి కట్టే డబ్బుతో గది అద్దెలో మిగిలింది కాస్తా పోతుంది.

బీచ్‌రోడ్డు హోటళ్ళు విహారానికి వచ్చినవాళ్ళకి. పనిమీద వచ్చినవాళ్ళు అటు వెళ్ళక్కర్లేదని నా అభిప్రాయం.

చెక్-అవుట్ వేళే అసలు రేటు

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి విశాఖ చేరుతుంది. పెద్ద హోటళ్ళలో చాలావాటికి చెక్-అవుట్ మధ్యాహ్నం 12 గంటలకి. ఉదయం ఆరింటికి గదిలోకి వెళ్ళి మర్నాడు ఉదయం దాకా ఉంటే, అలాంటి చోట రెండు రోజుల అద్దె పడొచ్చు, లేదా ‘ఎర్లీ చెక్-ఇన్’ పేరుతో అదనంగా అడుగుతారు. స్టేషన్, కాంప్లెక్స్ చుట్టుపక్కల పాత లాడ్జీల్లో 24 గంటల పద్ధతి ఉంటుంది. మీరు తాళం తీసుకున్న నిమిషం నుంచి మర్నాడు అదే వేళ దాకా ఒక్క రోజే. కాస్త ఎక్కువ రేటు చెప్పినా 24 గంటల లాడ్జే మీకు చవక పడొచ్చు. రేటు అడిగిన నోటితోనే “ట్వంటీఫోర్ అవర్సా, పన్నెండింటికా?” అని అడగండి. జవాబు రిజిస్టర్‌లో వేసిన వేళతో సరిచూసుకోండి.

స్నానం చేసి కాగితాలు ఇచ్చి సాయంత్రం రైలెక్కేవాళ్ళకి గదే అక్కర్లేదు. కన్ఫర్మ్ టికెట్ ఉంటే స్టేషన్‌లో రిటైరింగ్ రూమో డార్మిటరీయో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవచ్చు.

రేట్లు ఎప్పుడు పెరుగుతాయో కూడా తెలుసుకోవాలి. కార్తీకమాసం నుంచి సంక్రాంతి దాకా అరకు సీజన్. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసాల్లో పెళ్ళిళ్ళు. పెళ్ళివారు ఒక్కసారే ఫ్లోరంతా తీసుకుంటారు. ఆ రోజుల్లో యాప్‌లో డబ్బు కట్టేసి వచ్చి “రూములు నిండిపోయాయి” అనే మాట విని కౌంటర్ దగ్గర నిలబడిపోయిన కుటుంబాల్ని చూశాను. పెట్టె పట్టుకుని చంటిపిల్లతో నిలబడ్డ మనిషి మొహం చూడలేం. అందుకే బుక్ చేశాక ముందురోజు హోటల్‌కి నేరుగా ఫోన్ చెయ్యండి. మీ పేరు, వచ్చే వేళ చెప్పి, ఫోన్లో మాట్లాడినవాళ్ళ పేరు రాసుకోండి. యాప్ రేటు, కౌంటర్ రేటు రెండూ అడగండి. కమీషన్ తప్పుతుంది కాబట్టి చాలా లాడ్జీలు నేరుగా వస్తే తగ్గిస్తాయి.

గదిలో అయిదు నిమిషాలు

సముద్రపు ఊళ్ళో గదికి అసలు శత్రువు ఉప్పుగాలి. కిటికీ ఊచలు, గడియలు, ఏసీ బయటి పెట్టె అన్నిటినీ తినేస్తుంది. వానాకాలంలో పరుపు చెమ్మ పీలుస్తుంది. అడ్వాన్సు ఇచ్చేముందు గది చూపించమనండి. చూపించం అంటే బయటికి వచ్చెయ్యండి.

లోపలికి వెళ్ళగానే రూమ్ బాయ్ ఏసీ వేసి, సెంటు కొడతాడు. ఏసీ ఆపించి, కిటికీ తెరిచి, రెండు నిమిషాలు ఆగండి. బూజు వాసన ఉంటే అప్పుడు తెలుస్తుంది. తలగడ ఎత్తి దాని కింద దుప్పటి మీద అరచెయ్యి పెట్టండి. చల్లగా, అంటుకున్నట్టు ఉంటే ఆ పరుపు ఆరలేదు. కిటికీ గడియ పూర్తిగా పడుతుందో లేదో వేసి చూడండి. తుప్పు పట్టిన గడియ సగంలో ఆగిపోతుంది.

బాత్రూంలో కొళాయి తిప్పి, సబ్బుతో చేతులు కడగండి. నురగ రాకుండా సబ్బు తెల్లగా విరిగి జారుతుంటే అది బాగా ఉప్పదేరిన బోరు నీరు. తీరానికి దగ్గరగా తోడేకొద్దీ భూమిలోకి ఉప్పునీరు చేరుతుంది. ఆ నీళ్ళతో తలంటుకుంటే జుట్టు జిడ్డుగా అట్టకడుతుంది. “స్నానానికి బోరు నీళ్ళా, కార్పొరేషన్ నీళ్ళా? రాత్రి మోటారు ఆపేస్తారా?” అని అడగండి. అనుభవం ఉన్న ఆడవాళ్ళు మా కౌంటర్ దగ్గర మొదట ఇదే అడిగేవారు. వాళ్ళని చూసి నాకు గౌరవం కలిగేది.

నాన్ ఏసీ గదైతే పైఅంతస్తు వద్దు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పన్నెండు దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. మధ్య అంతస్తు అడగండి. కిటికీ దగ్గర నిలబడి కింద జనరేటర్ ఉందా, ఎదురుగా ఫంక్షన్ హాల్ ఉందా చూడండి. డీజే మోగుతుంటే మర్నాడు పరీక్ష ఉన్న పిల్ల ఏం నిద్రపోతుంది? మంచం పక్క ప్లగ్గు పనిచేస్తుందా, చదువుకోవడానికి లైటు చాలుతుందా అన్నదీ చూసుకోండి. మెట్లు ఎక్కడున్నాయో కూడా చూసి పెట్టుకోండి. నిప్పు అంటుకుంటే లిఫ్ట్ ఎక్కకూడదు.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ లిఫ్ట్‌కేనా, నీళ్ళ మోటారుకి కూడానా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఈ ఊరికి ఆ వారం తెలిసింది.

బిల్లు, ఆధార్

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయలు దాటని గదులకి జీఎస్టీ 5 శాతమే. వెయ్యి రూపాయల గదికి యాభై. అంతకుముందు 12 శాతం ఉండేది. జీఎస్టీ నంబరు లేని లాడ్జి ఆ పేరుతో డబ్బు తీసుకోకూడదు. పన్ను కట్టమంటే నంబరు ఉన్న బిల్లు అడగండి. భోజనం బిల్లులో మీరు ఒప్పుకోకుండా సర్వీస్ చార్జీ కలపకూడదని 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. తీయమంటే తియ్యాలి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.

ఆధార్ కాగితం అడిగినప్పుడు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. దాని మీద ‘లాడ్జి గది కోసం’ అని, తేదీ రాసి సంతకం పెట్టండి. పద్దెనిమిది నిండని పిల్లలు ఒంటరిగా వస్తే చాలా లాడ్జీలు గది ఇవ్వవు. ఇంటర్ అయి వచ్చే పిల్లలతో పెద్దవాళ్ళెవరైనా రావాలి.

ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు మెయిన్ రోడ్డు మీద, రాత్రంతా కౌంటర్లో మనిషి ఉండే చోటే దిగాలి. లోపలి గొళ్ళెం గట్టిగా ఉండాలి. “ఒక్కరేనా?” అని అదేపనిగా గుచ్చిగుచ్చి అడిగేచోట ఉండొద్దు. గది నంబరు, హోటల్ ఫోన్ నంబరు ఇంట్లోవాళ్ళకి పంపండి. ఏదైనా తేడాగా అనిపిస్తే మొహమాటపడకుండా 112కి ఫోన్ చెయ్యండి.

పని అయ్యాక బీచ్‌కి తప్పకుండా వెళ్ళండి. కురుసుర జలాంతర్గామి చూడండి, ఇసుకలో కూర్చోండి. ఆర్కే బీచ్‌లో మాత్రం స్నానానికి దిగకండి. అలలు బలంగా లోపలికి లాగేస్తాయి. పరీక్ష అయిన సంతోషంలో దిగి తిరిగిరాని పిల్లల కథలు ఈ ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు.

చివరిగా లాడ్జీ నడిపేవాళ్ళకీ ఒక మాట. చదువు కోసం వచ్చిన పిల్ల మీ గదిలో ఒక్క రాత్రే పడుకుంటుంది. ఆ రాత్రి దుప్పటి ఆరినదై, నీళ్ళు వచ్చి, చప్పుడు లేకపోతే మర్నాడు పరీక్ష బాగా రాస్తుంది. అద్దె తగ్గించకపోయినా ఫరవాలేదు, ఈ మూడూ ఇవ్వండి. గది తీసుకునేవాళ్ళారా, మీరు కూడా ఈ మూడూ అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి.