గర్భిణుల్లో మలబద్ధకం: ఐరన్ మాత్ర మానేయాలా?

ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలను కొందరు గర్భిణులు మధ్యలోనే ఆపేస్తారు. ‘అవి వేసుకుంటే విరేచనం సాఫీగా కావడం లేదు’ అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ నేరమంతా మాత్రదీ కాదు.

గర్భం నిలిచాక శరీరంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను బాగా పెరుగుతుంది. గర్భసంచి కండరాలు ముందుగానే బిగుసుకోకుండా చూడటం దీని పనుల్లో ఒకటి. పేగుల గోడల్లో ఉన్నవీ అదే రకం కండరాలు కావడంతో అవీ సడలుతాయి. ఆహారం నెమ్మదిగా కదులుతుంది. పెద్దపేగులో ఎక్కువసేపు నిలిచిన మలంలోంచి నీరు మరింతగా పీల్చుకుపోయి అది గట్టిపడుతుంది. నెలలు నిండేకొద్దీ గర్భసంచి ఒత్తిడి కూడా తోడవుతుంది. ఛాతీలో మంట, పులితేన్పులకూ చాలావరకు ఈ హార్మోనే కారణం. అన్నవాహిక అడుగున ఉండే కండరపు బిగింపును అది సడలిస్తుంది. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తిని, తిన్న వెంటనే పడుకోకుండా ఉంటే మంట తగ్గుతుంది.

ఇక మాత్ర సంగతి. అందులోని ఇనుములో కొంతే రక్తంలోకి చేరుతుంది. మిగిలింది పేగుల్లోంచి బయటకు పోతూ మలాన్ని నల్లగా, కొందరిలో గట్టిగా చేస్తుంది. ఆ నలుపు చూసి భయపడక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే నాలుగో నెల నుంచి రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను కనీసం 180 రోజులు ఇస్తున్నారు. రక్తం తక్కువగా ఉన్న తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ప్రాణాపాయం. మాత్ర పడకపోతే డాక్టరుకో, ఏఎన్‌ఎంకో చెప్పాలి. వేసుకునే వేళనో, మందు రకాన్నో వారు మార్చగలరు. టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి మాత్రం వేసుకోకూడదు. ఇనుము సరిగా ఒంటబట్టదు.

పీచు కోసం ఖరీదైన పొడులు కొనాల్సిన పని లేదు. జామపండు, తోటకూర, గోరుచిక్కుడు, జొన్నరొట్టె, పొట్టు తీయని పెసలు చాలు. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి మెల్లగా పెంచాలి. దాంతోపాటు నీళ్లూ పెరగాలి, లేకపోతే ఇబ్బంది ఎక్కువవుతుంది. డాక్టరు వద్దనకపోతే రోజూ కాసేపు నడవడం మంచిది. కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది. గట్టిగా ముక్కితే మొలలు వచ్చే అవకాశం ఉంది.

వీటితో తగ్గకపోతే డాక్టరు సలహాతో ఇసబ్‌గోల్, లాక్టులోజ్ వంటివి వాడవచ్చు. పెద్దవాళ్లు చెప్పారని ఆముదం తాగడం మాత్రం వద్దు. అది గర్భసంచిలో నొప్పులు రేపగలదు. సునాముఖినీ సొంతంగా వాడకూడదు.

కడుపులో ఏ నొప్పి వచ్చినా ‘గ్యాసే’ అని సరిపెట్టుకోవడం ప్రమాదకరం. అయిదో నెల దాటాక పైకడుపులో నొప్పితో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అది బీపీ పెరిగిన సూచన కావచ్చు. ఆగి ఆగి వచ్చే నొప్పి, రక్తస్రావం, ఆగని వాంతులు, తారులా జిగురుగా ఉండే మలం కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.