అలసినవారి విశ్వాసము

అయ్యలారా, ప్రార్థించి ప్రార్థించి విసిగితి మని మీలోఁ గొంద ఱందురు. నేనును ఆ మాట యన్నవాఁడనే. బడిపంతులనై యున్న దినములలో సాయంకాలప్రార్థనకుఁ జాపలు పఱచి కూర్చుండఁగా ఒక ముదుసలి మాత్రము వచ్చెడిది. అప్పుడు నాకు సామ్యుల్ డేగారు జ్ఞప్తికి వచ్చెడివారు.

వారు 1836లో అమెరికానుండి విశాఖపట్టణమునకు వచ్చి, పిదప మన శ్రీకాకుళమునఁ గొన్ని నెల లుండిరి. 1840లో నెల్లూరు చేరిరి. ఏండ్లు గడచినను విశ్వాసులు వ్రేళ్లమీఁద లెక్కింపఁదగినంతమందియే. 1853లో డేగారు వ్యాధిచే స్వదేశమున కేఁగిరి. ఆ పని మానివేయుదమా యని అచటి సంఘమువారు ఆ యేఁటనే తర్కించిరి.

1854 జనవరి 1వ తేది తెల్లవాఱుజామున జ్యూయెట్ దంపతులును మువ్వురు తెలుఁగువారును ఒంగోలుకొండ యెక్కి, ఆ యూరికి ఒక్క బోధకుని బంపుమని వేఁడిరి. అడిగినది ఒక్క మనుష్యునే! ఆ క్లౌగారు ఒంగోలు చేరుటకుఁ బండ్రెండేండ్లు పట్టెను.

1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కరవుకూటికై వచ్చి రందురేమో. కరవుసాయము జరుగుచున్నన్నాళ్లు క్లౌగారు బాప్తిస్మము లాపియుంచిరి.

డేగారు దానిఁ జూడలేదు. 1871లోనే కన్నుమూసిరి.

ఇది తలఁచి మఱునాఁడును జాప పఱచెడివాఁడను. ముదుసలి వచ్చెడిది.