క్రౌన్ మూతకు ఎమ్‌సీల్ మందు కాదు

కోతల కాలంలో చొప్పదండి చుట్టుపక్కల పికప్ బండికి తారు రోడ్డు కన్నా పొలం బాటే ఎక్కువ. కరీంనగర్ నుంచి చొప్పదండి, ధర్మారం మీదుగా రాయపట్నం వెళ్లే రోడ్డు దిగితే కాలువ కట్టలు, ట్రాక్టర్లూ హార్వెస్టర్లూ తిరిగి లోతుపడ్డ చాళ్లు, ఆ చాళ్ల నడుమ గట్టిపడి లేచిన మిట్టలు. వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరాలన్నా, ఎరువు బస్తాలు పొలానికి రావాలన్నా ఈ బాటే దిక్కు. ఇలాంటి చోట నేలకు బాగా దగ్గరగా ఉండేది వెనక ఇరుసు నడుమ ఉన్న గుండ్రటి డబ్బా, అంటే డిఫరెన్షియల్. దాని వెనక మూత సొట్టపోయో, చిట్లో ఆయిల్ కారితే చాలామంది గుడ్డతో తుడిచి, ఎమ్‌సీల్ పిసికి అంటించి, సీజన్ అయ్యాక చూద్దాంలే అని బండి తోలుతారు. ఆ మూత మార్చడం వాయిదా వేయదగ్గ పని కాదన్నది నా వాదన. మారిస్తే లీకు ఆగుతుంది, అది చిన్న లాభం. లోపలి పళ్ల చక్రాలు ఎలా ఉన్నాయో కళ్లారా చూసుకునే వీలు దొరుకుతుంది, అది పెద్ద లాభం.

ఆ డబ్బాలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఇంజిన్ బలం పొడవాటి షాఫ్ట్ ద్వారా పినియన్ అనే చిన్న పళ్ల చక్రానికి చేరుతుంది. పినియన్ తనకన్నా చాలా పెద్దదైన క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. అక్కడ వేగం తగ్గి, లాగే బలం పెరిగి, టైర్ల వైపు మళ్లుతుంది. క్రౌన్‌తో పాటు తిరిగే మరికొన్ని చిన్న చక్రాలు మలుపులో బయటి టైరు ఎక్కువగా, లోపలి టైరు తక్కువగా తిరిగేలా సర్దుతాయి. ఆవిరి బండ్ల కాలంలో ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెకర్ పేటెంటు పొందిన ఏర్పాటే సుమారు 200 ఏళ్లుగా నడుస్తోంది. 1920ల్లో అమెరికాలోని ప్యాకార్డ్ కార్లతో హైపాయిడ్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఇందులో పినియన్ క్రౌన్ కేంద్రానికి కాస్త కిందికి జరిగి ఉంటుంది కాబట్టి పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు గట్టిగా రాసుకుంటూ జారుతాయి. ఆ రాపిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు. అందుకే గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలిపిన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ వాడతారు. మామూలుగా ఈ డబ్బాలో పంపు ఉండదు. క్రౌన్ అడుగు భాగం ఆయిల్‌లో మునిగి తిరుగుతూ దాన్ని పైకి చిమ్ముతుంది. ఆ ఆయిలే మూత లోపలి గోడకు తగిలి బేరింగుల వైపు పారుతుంది. అంటే దుమ్మును ఆపడంతో పాటు ఆయిల్‌ను దారి పట్టించే పని కూడా మూతదే.

మూత దెబ్బతినే తీరు కూడా మన బాటలకు తగ్గట్టే ఉంటుంది. ముందుకు పోయేటప్పుడు రాయి తగిలితే డబ్బా ముందు వైపున్న మందపాటి పోత లోహం తట్టుకుంటుంది. రివర్స్‌లో మాత్రం రాయికి ఎదురయ్యేది వెనక మూతే. వడ్ల కుప్ప దగ్గరికైనా, ఎరువుల గోదాము గుమ్మానికైనా లోడింగ్ కోసం బండి వెనక్కే వెళ్లాలి. అదనంగా కమాన్ పట్టీలు వేయిస్తే ఈ డబ్బా పైకి లేస్తుందనుకోవడం పొరపాటు. పట్టీల వల్ల పైన బాడీ లేస్తుంది, ఇరుసు మాత్రం టైర్ల ఎత్తుకే ఉండిపోతుంది. టైరు మార్చేటప్పుడు జాకీని మూత అంచు కింద పెట్టడం మరో కారణం. బస్తాల నుంచి రాలిన ఎరువు పొడి తడితో కలిసి ఆ అంచును తుప్పు పట్టిస్తుంది.

చుక్క చుక్క కారితే ఏమవుతుందిలే అని కొందరంటారు. ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోతే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. డిఫరెన్షియల్‌లో ఆయిల్ తగ్గితే ఏ లైటూ వెలగదు. అందులో పట్టేదే కొద్దిపాటి లీటర్లు. మట్టం తగ్గేకొద్దీ క్రౌన్‌కు దూరంగా ఉన్న పినియన్ ముందు బేరింగ్‌కు ఆయిల్ అందడం కష్టమవుతుంది. ఇరుసులోంచి మూలుగు వినిపించేసరికి నష్టం మొదలైపోయి ఉంటుంది. పైగా ఆయిల్ బయటికొచ్చే దారిలోనే నీళ్లు లోపలికి పోతాయి. వానాకాలంలో వేడెక్కిన ఇరుసు లో లెవల్ వంతెన మీది నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, చిట్లిన సందులోంచి నీటిని లాగేస్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులోకి మారి పళ్లను కాపాడే గుణం కోల్పోతుంది. క్రౌన్, పినియన్ అరిగితే రెండూ జతగా మార్చాలి, షిమ్ములనే పలుచటి రేకులు వేసి వాటి మధ్య సందు సరిచూడాలి. ఆ ఖర్చు ముందు మూత ఖరీదు లెక్కలోకి రాదు.

ఎమ్‌సీల్ పెట్టినా ఆగింది కదా అన్నది తరచూ వినిపించే మాట. దారి మధ్యలో చిక్కుకున్న బండిని షెడ్డుకు చేర్చడానికి అది పనికొస్తుంది, కాదనను. కాని ఆయిల్ ఊరుతున్న చోటును పూర్తిగా పొడిగా తుడవలేం, జిడ్డు మీద ఏ పూతా గట్టిగా పట్టదు. ఇరుసు వేడికి, అదురుకు అది ఊడొస్తుంది. ఉన్నచోటే వెల్డింగ్ పెట్టించడం మరింత ప్రమాదం. లోపలి ఆయిల్ అంటుకోవచ్చు, వేడికి అంచు వంకర పోవచ్చు, వెల్డింగ్ కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని చెడగొట్టవచ్చు. ఉక్కు రేకు మూతకు నడుమ మాత్రమే సొట్ట పడి, అంచు బాగుంటే, విప్పి సుత్తితో సరిచేసి వాడుకోవడంలో తప్పులేదు. అద్దం పలక మీద బోర్లా పెడితే అంచు ఎక్కడ లేచిందో తెలుస్తుంది. అయితే దానికైనా మూత విప్పక తప్పదు. చిట్లిన అల్యూమినియం మూతను మాత్రం మార్చాల్సిందే.

మూత బోల్టులతో బిగించిన బండ్లకు ఇది పెద్ద పని కాదు. కొన్ని బండ్లలో వెనక గిన్నె హౌసింగ్‌కే వెల్డయి ఉండి, క్రౌన్ ముందు వైపు నుంచి ఊడొస్తుంది. వాటి రిపేరు వేరు. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు, స్టాండ్లు ఉండాలి. ముందుగా ఆయిల్ పోసే ప్లగ్ విప్పాలి. అది తుప్పు పట్టి రాకపోతే, పాత ఆయిల్ తీసేశాక కొత్తది పోసే దారే ఉండదు. తర్వాత అడుగున ట్రే పెట్టి, పై బోల్టులు ఒకటి రెండు వదులుగా ఉంచి, మిగతావి తీసి, కింది అంచును మెల్లగా లేపితే ఆయిల్ ట్రేలో పడుతుంది. ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే, దానికి మెత్తటి బూడిద రంగు పేస్టు అంటితే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే పన్నో బేరింగో విరిగిందని అర్థం. అప్పుడు కొత్త మూత బిగించి పంపేస్తే జబ్బు లోపలే ఉండిపోతుంది. క్రౌన్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పి ప్రతి పన్నూ చూడాలి.

తర్వాత పాత గ్యాస్కెట్ ముక్కలు లోపల పడకుండా గీకి, రెండు అంచులూ జిడ్డు లేకుండా తుడిచి, గ్యాస్కెట్టో సిలికాన్ సీలెంటో కంపెనీ చెప్పినట్టు వేయాలి. సిలికాన్ గీత బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా తెగకుండా సాగాలి. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, చెప్పిన టార్క్‌కే బిగించాలి. బలమంతా పెట్టి బిగిస్తే రేకు అంచు వంగి మళ్లీ లీకవుతుంది. సిలికాన్ ట్యూబు మీద రాసినంత సేపు ఆరనిచ్చి, బండి పుస్తకంలో చెప్పిన గ్రేడ్ ఆయిల్‌ను ప్లగ్ రంధ్రం అంచుదాకా పోయాలి. బ్రీదర్ అనే గాలి రంధ్రం పూడిపోతే ఒత్తిడికి ఎంత మంచి సీలైనా తన్నుకుని వస్తుంది, కాబట్టి దాన్ని కూడా శుభ్రం చేయాలి.

సీజన్‌లో బండి ఆపితే కిరాయి పోతుంది, కిస్తీ ఎవరు కడతారన్నది బరువైన అభ్యంతరం. కొత్త మూత దొరికితే ఈ పని సాధారణంగా ఒక పూటలో అయిపోతుంది, సీలెంట్‌ను రాత్రంతా ఆరనిచ్చినా మరునాటికి బండి తోలుకోవచ్చు. వడ్లు తడుస్తున్నప్పుడు దారిలో క్రౌన్ పట్టేస్తే పోయేది రోజులు, రైతు నమ్మకం కూడా. పాత ఆయిల్‌ను కాలువలోకి వదలొద్దు. దేశంలో 2016 నాటి నియమాలు వాడిన ఆయిల్‌ను హానికర వ్యర్థంగా చూస్తాయి, అదే కాలువ నీళ్లు మన పొలాలకు పారుతాయి. మూత విప్పేటప్పుడు బండి ఓనరు పక్కనే నిలబడాలి. ఆయిల్ చూపించమనాలి, పళ్లన్నీ తిప్పి చూపించమనాలి, చివర్లో ప్లగ్ అంచుదాకా ఆయిల్ వచ్చిందో లేదో వేలు పెట్టి చూడాలి. మెకానిక్‌ను అనుమానించినట్టు కాదు ఇది. ఏళ్ల తరబడి ఇల్లు గడపాల్సిన బండిని గురించి తెలుసుకోవడం దాని యజమాని హక్కు.