మూడు నిమిషముల సంగీతము

రేడియోలో పనిచేయువారికి గడియారమే యజమాని. ఒక ప్రసంగము రెండు మూడు నిమిషములు ముందుగా ముగిసినచో ఆ ఖాళీని నింపుటకు మాకు అలవాటైన సాధనము పాత గ్రామఫోను రికార్డు. వార్తల వేళ కాగానే పాటను చరణము మధ్యలో మెల్లగా తగ్గించి ఆపివేయుదుము. నేనును చాలా సంవత్సరములుగా ఈ పని చేసినవాడనే. గడచిన సంవత్సరము మా రికార్డులకు కొత్తగా పట్టిక వ్రాయు పని నాకు వచ్చినది. ప్రతిదానిని మొదటినుండి తుదివరకు వినవలసి వచ్చినది. నేను ఎన్నోసార్లు ప్రసారము చేసిన కొన్ని పాటలను ఒక్కసారియైనను పూర్తిగా వినలేదని అప్పుడు తెలిసి సిగ్గుపడినాను.

మన దేశములో వ్యాపారరీత్యా గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో ఆరంభమైనది. ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా చలామణి అయినది నిమిషమునకు 78 సార్లు తిరుగు లక్క రికార్డు. పది అంగుళముల రికార్డునకు ఒక్కొక్క వైపున పట్టునది సుమారు మూడు నిమిషములు మాత్రమే. టేపు లేని ఆ రోజులలో తప్పు దొర్లినచో కత్తిరించి అతికించు వీలు లేదు. మొదటినుండి మరల పాడవలసినదే. గంటల తరబడి కచేరీ చేయు విద్వాంసునకు ఇది కఠినమైన పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన మూడు రికార్డులను గూర్చి చెప్పెదను.

మొదటిది ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వయొలిన్. 1893లో జన్మించిన నాయుడుగారు 1919లో విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో అధ్యాపకులుగా చేరి, 1936లో దానికి అధ్యక్షులైనారు. గాత్రమునకు ప్రక్కవాద్యముగా ఉన్న ఫిడేలునకు తనంత తానుగా కచేరీ చేయగల గౌరవము తెచ్చినవారిలో ఆయన అగ్రగణ్యులు. నేను విన్న రికార్డునకు అంచున బీట ఉన్నది. మొదటి చుట్లలో ప్రతి తిరుగుడునకు టక్కుమను చప్పుడు. ముల్లు ఆ బీటను దాటి లోపలికి వచ్చినంతనే కమాను ఒక్కటే మిగులును. ఒకే లాగుడులో నాదము సన్నగా పుట్టి, నిండుగా పెరిగి, మరల సన్నగిల్లును. విస్తారమైన రాగాలాపనకు ఇందు చోటు లేదు. కాని రాగముయొక్క స్వరూపము నాలుగు గీతలలో గీసిన చిత్రమువలె కన్నులకు కట్టును.

రెండవది సాలూరు రాజేశ్వరరావుగారు 1940లలో పాడిన లలితగీతము. పూర్వము గాయకులు పెద్ద కొమ్ములోనికి గొంతెత్తి పాడవలసియుండెడిది. 1925 ప్రాంతమున విద్యుత్తుతో పనిచేయు రికార్డింగు వచ్చిన పిమ్మట మైకు ఎదుట మెల్లగా పాడుటకు వీలు కలిగినది. ఆ సౌకర్యమును తెలుగు పాటకు సొంతము చేసినవారిలో రాజేశ్వరరావుగారు ముఖ్యులు. ఒంటరిగాను, రావు బాలసరస్వతీదేవిగారితో కలిసియు ఆయన పాడిన పాటలు ప్రక్కన కూర్చున్నవారితో మాటాడినట్లుండును. నేను ఎప్పుడును మధ్యలో ఆపివేసినది ఈ పాటనే. తుదిలో పల్లవి తిరిగి వచ్చినప్పుడు గొంతు మరింత తగ్గును. పాటలోని వేదన అంతయు అక్కడనే ఉన్నది.

మూడవది ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన, కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము. పూజకై పూలు కోయబోయినవానిని పూలే నిలదీయుట ఇందలి విషయము. ఘంటసాలవారు కూడ విజయనగరము కళాశాల విద్యార్థియే. నాటకరంగమున పద్యమునకు తోక వలె దీర్ఘమైన రాగము సాగుట ఆనాటి పద్ధతి. ఘంటసాలవారు రాగమును కుదించి మాటను ముందు నిలిపినారు. చదువురాని వానికిని పద్యార్థము చెవినుండి నేరుగా మనస్సునకు చేరును.

ఈ ముగ్గురికిని వ్యవధి శత్రువు కాలేదు. ఏది విడువవలెనో తెలిసినవారు కనుక ఉంచినది నిలిచినది. ఆ కాలపు రేడియో కచేరీలలో చాలవరకు ప్రత్యక్షముగా ప్రసారమై గాలిలో కలిసిపోయినవి. కనుక ఈ లక్క బిళ్ళలే అనేక గళములకు మిగిలిన సాక్ష్యము.

మీ ఇంటి అటకపై ఇట్టివి ఉన్నచో పాతసామాను బండికి వేయవద్దు. ఒకదానిపై ఒకటి పేర్చక, పుస్తకములవలె నిలువుగా ఉంచవలెను. స్పిరిటుతో తుడువరాదు, లక్క అందులో కరిగిపోవును. లాంగ్ ప్లే రికార్డుల సన్నని ముల్లు వీనికి పనికిరాదు. 78 రికార్డు గాడి వెడల్పైనది. అందుకు తగిన లావు ముల్లు వేరుగా ఉన్నది. కంప్యూటరులోనికి ఎక్కించుకొనదలచినవారు ఆ ముల్లు ఉన్నవారిచేతనే ఆ పని చేయించవలెను.

ఇప్పుడు నా పట్టికలో ప్రతి పాట ఎదుట దాని నిడివి సెకనులతో సహా వ్రాసియున్నది. ఖాళీ అంతకు తక్కువైనచో ఆ రికార్డును ముట్టను. సమయము చెప్పి ఊరకుందును. మూడు నిమిషములు దొరికిన రోజున మాత్రము శ్రోతలు తుది పల్లవిని కూడ విందురు.