అగుంబె అడవిలో మూడు రోజులు

దక్షిణాది చిరపుంజిగా పేరుపడిన అగుంబె కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలో ఉంది. 1980 దశకంలో దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ చూసిన పెద్దలకు ఈ ఊరు వెళ్ళకుండానే పరిచయం. శంకర్ నాగ్ ఆ సీరియల్‌ను చాలావరకు ఇక్కడే తీశారు. ఆ పెంకుటిళ్ళు దాటితే అడవి మొదలవుతుంది. ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే సతతహరితారణ్యం అది. 2012లో యునెస్కో పడమటి కనుమల్లోని 39 చోట్లను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు అగుంబె రిజర్వు అడవి, సోమేశ్వర అభయారణ్యం కూడా ఆ జాబితాలో చేరాయి.

స్కూలు ఎక్స్‌కర్షన్ అంటే మన చిన్నప్పుడు మైసూరు ప్యాలెస్, బృందావన్ గార్డెన్స్, దారిలో పులిహోర పొట్లాలు. ఇప్పుడు కొన్ని బడులు పిల్లలను అడవులకు తీసుకువెళ్తున్నాయి. ఆ మాట చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్ళు అడిగేది ఒక్కటే: “పాములు, జలగలు తప్ప అక్కడ పిల్లలు చూసేదేముంది? చేసేదేముంది?” ఎనిమిదో తరగతి పిల్లల వెంట అక్టోబరు చివర మూడు రోజులు అగుంబె వెళ్ళివచ్చిన టీచరుగా ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది.

వాన లెక్క

పిల్లలు అక్కడ చేసిన మొదటి పని వాన కొలవడం. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులాగా తలకిందులుగా పెట్టి, పక్కన స్కేలు అతికిస్తే వానమాపకం తయారు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఈ లెక్క చెప్పి వదిలేస్తే మిగతాది వాళ్ళే చేసుకున్నారు. చదరపు మీటరు చోటులో ఏడాదికి 7,000 లీటర్లు, అంటే మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఏడు!

అనంతపురం జిల్లాలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లని చెప్పగానే ఒక కుర్రాడు పెన్ను ఆపి, “అయితే మా తాతయ్య వాళ్ళ ఊరికి సగం ట్యాంకేనా, మిస్?” అన్నాడు. తాతయ్య సెలవుల్లో ఫోను చేసినప్పుడల్లా వాన గురించే ఎందుకు అడుగుతారో ఆ పిల్లవాడికి ఆ రోజు అర్థమైందనుకుంటాను.

మరి ఈ ఏడు ట్యాంకుల నీళ్ళను చెట్లు ఎలా తట్టుకుంటాయి? దానికీ ఒక చిన్న ప్రయోగం ఉంది. ఈ అడవిలో చాలా ఆకులకు చివర సన్నని తోక ఉంటుంది. మనకు తెలిసిన రావి ఆకు తోకలాంటిదే. చెంచాడు నీళ్ళు పోస్తే ఆకు మీద నిలవకుండా ఆ కొస నుంచి జారిపోతాయి. ఆకు ఎప్పుడూ తడిగా ఉంటే నాచు, బూజు పడతాయి కాబట్టి ఈ ఏర్పాటు అంటారు. కింద నేల మీద రాలిన ఆకుల పొర స్పాంజిలాగా నీటిని పట్టి మెల్లగా వాగులకు వదులుతుంది. అందుకే వాన ఆగిన చాలా రోజుల వరకూ ఇక్కడి వాగులు పారుతూనే ఉంటాయి.

మూడు గళ్ళ పుస్తకం

రెండోనాడు నలుగురేసి పిల్లలకు నాలుగు పుల్లలు, ఒక దారం ఇచ్చాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు చోటు దారంతో చుట్టి, అరగంట కదలకుండా కూర్చుని అందులో కనిపించినవన్నీ రాయాలి. ఏదీ పీకకూడదు, చంపకూడదు. మొదటి ఐదు నిమిషాలు “ఏమీ లేదు, మిస్” అన్నారు. తరువాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. చీమలు, చెదలు, పుట్టగొడుగులు, నత్త, మొలకెత్తుతున్న గింజ, చుట్ట చుట్టుకున్న రోకలిబండ.

పుస్తకంలో మూడు గళ్ళు గీయించాం: కన్నడం పేరు, ఇంట్లో మాట్లాడే భాషలో పేరు, సైన్సు పేరు. పిల్లల్లో సగం మంది తెలుగిళ్ళవాళ్ళే. నత్త దగ్గర కన్నడం గడిలో ‘బసవన హుళ’ అని టక్కున రాశారు. రెండో గడి ఖాళీ. వెదురుకు ‘బిదిరు’ తెలుసు, వక్కకు ‘అడికె’ తెలుసు, తెలుగు మాత్రం గుర్తు రాలేదు. ‘రోకలిబండ’ అన్న మాట విని పడిపడి నవ్వారు. రోకలి అంటే ఏమిటో చాలామందికి తెలియదు. మాకు దారి చూపించిన స్థానికుణ్ణి పిల్లలంతా ‘అణ్ణా’ అని పిలిచేవారు. ఆయనే ఉపాయం చెప్పారు. ఆ దగ్గర్లోని జలపాతం పేరు ఒనకె అబ్బి. ఒనకె అంటే రోకలి. అలా కన్నడం జలపాతం తెలుగు పురుగు పేరు విప్పింది.

ఆ సాయంత్రం బసకు రాగానే ఒక అమ్మాయి ఫోను తీసుకుని వాళ్ళ అమ్మమ్మకు చేసింది. “అమ్మమ్మా, ఇక్కడ ఇంబళ అంటారు, కాలికి పట్టుకుంటుంది, మనం ఏమంటాం?” అవతల అమ్మమ్మగారు “జలగ, తల్లీ” అని చెప్పడమే కాదు, చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువులో జలగలు పట్టిన కథ మొదలుపెట్టారు. ఫోను పావుగంట సాగింది. మరునాటికి ఆ గడులు నింపడం పిల్లల్లో పోటీగా మారింది.

అయినా కొన్ని గడులు ఖాళీగానే మిగిలాయి. ఈ కొండల్లో తప్ప మరెక్కడా పెరగని చెట్లు ఎన్నో ఉన్నాయి. వాటికి మన భాషలో పేరు దొరకకపోతే చిన్నతనమేమీ లేదు. అక్కడి వాళ్ళు పెట్టుకున్న పేరే మన పేరు. తరతరాలుగా ఇక్కడ ఉన్న మన ఇళ్ళలోకి ఎన్ని కన్నడం మాటలు, తమిళం మాటలు రాలేదు? ఉన్న పేరును పోగొట్టుకోవడమే నష్టం.

కాళింగుడు

పాముల భయం సంగతికి వద్దాం. అగుంబె రాచనాగుకు పెట్టింది పేరు. ఉత్తరాంధ్రలో దీన్నే గిరినాగు అంటారు. పాముల శాస్త్రవేత్త రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం స్థాపించారు. గూడు కట్టే పాము ప్రపంచంలో ఇదొక్కటే. ఆడపాము రాలిన ఆకులను పోగుచేసి గుడ్లు పెడుతుంది. దీని తిండి ఎక్కువగా ఇతర పాములే. ఇక్కడి కన్నడిగులు దీన్ని ‘కాళింగ సర్ప’ అంటారు. రాచనాగులన్నీ ఒకటే జాతి కాదు, నాలుగు జాతులని 2024లో శాస్త్రవేత్తలు తేల్చినప్పుడు పడమటి కనుమల జాతికి ‘ఓఫియోఫేగస్ కాళింగ’ అని పేరు పెట్టారు. పల్లెవాళ్ళ మాట సైన్సు గడిలోకి ఎక్కింది! మా పిల్లలకు రాచనాగు కనిపించలేదు. కానీ ఈ సంగతి విన్నాక మొదటి రెండు గళ్ళను ఎవరూ చిన్నచూపు చూడలేదు.

రాత్రి భోజనాలయ్యాక బస పక్కనే టార్చీలు ఆర్పి పది నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టాం. కాగితం మధ్యలో ‘నేను’ అని రాసుకుని, ఏ వైపు నుంచి ఏ చప్పుడు వచ్చిందో గుర్తు పెట్టాలి. కప్పలు, కీచురాళ్ళు, ఆకుల మీద నుంచి జారే చినుకులు. మొదట్లో పక్కవాళ్ళ చేయి పట్టుకున్న పిల్లలే చివర్లో “ఇంకో పది నిమిషాలు, మిస్” అన్నారు.

మూడోనాడు పొద్దున కుందాద్రి కొండ ఎక్కాం. పైన పార్శ్వనాథుని బసది, రాతిలో వాననీటి కొలను ఉన్నాయి. జైన ఆచార్యుడు కుందకుందుడు ఇక్కడ తపస్సు చేశాడని సంప్రదాయం. ఆయన స్వగ్రామం అనంతపురం జిల్లాలో గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. వాన కోసం ఎదురుచూసే సీమకూ, వాన విడవని ఈ కొండకూ ఇంత పాత చుట్టరికం! సగం ట్యాంకు లెక్క అడిగిన కుర్రాడు ఈ సంగతి విడిగా రాసుకున్నాడు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

అడవిలోకి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి, దారి తెలిసిన స్థానికుడు వెంట ఉండాలి. ముందొక పెద్ద, వెనకొక పెద్ద, మధ్యలో పిల్లలు ఒకే వరసలో నడవాలి. జలపాతాల దగ్గర రాళ్ళు పాచిపట్టి ఉంటాయి, నీళ్ళలోకి దిగనివ్వరాదు.

జలగ పట్టితే పీకకుండా గోటితో పక్కకు నెట్టి వదిలించాలి. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాన్ని అది వదులుతుంది కాబట్టి కాసేపు రక్తం కారుతుంది. శుభ్రంగా కడిగి కట్టు కడితే సరిపోతుంది.

అసలు జాగ్రత్త పడవలసింది పిడుదుల విషయంలో. ‘మంగన కాయిలె’ అనే కోతి జ్వరాన్ని 1957లో ఈ శివమొగ్గ జిల్లాలోని క్యాసనూరు అడవిలోనే గుర్తించారు. అడవి పిడుదులు కుట్టడం వల్ల ఇది వస్తుంది. డిసెంబరు నుంచి మే వరకు దీని ఉధృతి ఎక్కువ. కాబట్టి ఆ నెలల్లో పిల్లల యాత్ర పెట్టుకోకపోవడం మంచిది. ఎప్పుడు వెళ్ళినా నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు, మేజోళ్ళు తప్పనిసరి. తిరిగి రాగానే స్నానం చేయించి, బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. తరువాతి రోజుల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి.

ఇన్ని జాగ్రత్తలు చదివి జంకకండి. రోడ్డు దాటడానికి కూడా పిల్లలకు జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాం కదా. మీ బడివాళ్ళు ఇటువంటి యాత్ర పెడితే పంపండి. వెళ్ళేముందు పిల్లల చేతిలో మూడు గళ్ళ పుస్తకం పెట్టండి. మీరున్నది చెన్నైలో అయితే మొదటి గడిలో తమిళం, బరంపురంలో అయితే ఒడియా. రెండో గడి నింపే పని మాత్రం ఇంట్లోని అమ్మమ్మలకూ, తాతయ్యలకూ అప్పగించండి. వాళ్ళకు తెలిసిన పేర్లు చాలావరకు ఏ పుస్తకంలోనూ లేవు.