కుమ్మరి విద్య – త్రీడీ ముద్రణ: ఒక పరిశీలన

సారె వాడుకలోకి రాకముందు మానవుడు కుండను మట్టితాళ్లతో నిర్మించాడు. మెత్తని మట్టిని తాడులా పేని, వలయాలుగా ఒకదానిపై ఒకటి పేర్చి, అతుకులను వేళ్లతో అదిమే పద్ధతి అది. నేటి మట్టి ముద్రణ యంత్రం ప్రాథమికంగా ఈ సూత్రాన్నే అనుసరిస్తోంది. ఈ రెండింటి సంబంధాన్ని వివరించడమే ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

యంత్రం పనితీరు

కంప్యూటరులో గీసిన ఆకృతిని సాఫ్ట్‌వేర్ అడ్డంగా పలుచని పొరలుగా విభజిస్తుంది. ప్రతి పొరకూ యంత్రపు మొన ఏ దారిన కదలాలో నిర్దేశిస్తుంది. గాలి ఒత్తిడి వల్ల గానీ, స్క్రూ తిరగడం వల్ల గానీ మట్టి ఆ మొన గుండా సన్నని ధారగా వెలువడి, పొరమీద పొరగా నిలుస్తుంది.

బెల్జియంకు చెందిన అన్‌ఫోల్డ్ అనే రూపకల్పన సంస్థ 2010లో ‘లార్టిజాన్ ఎలెక్ట్రోనీక్’ అనే ప్రదర్శనను రూపొందించింది. తెరపై తిరుగుతున్న స్తూపాకారాన్ని సందర్శకులు గాలిలో చేయి కదుపుతూ మలిచేవారు. అలా ఏర్పడిన ఆకృతులను యంత్రం మట్టితో ముద్రించేది. మట్టిని తాకకుండానే పాత్ర రూపాన్ని నిర్ణయించవచ్చని ఈ ప్రయోగం నిరూపించింది.

యంత్రానికి అందని జ్ఞానం

అయితే రూపం ఏర్పడినంత మాత్రాన పాత్ర సిద్ధం కాదు. మట్టిలో నీరు ఎక్కువైతే గోడ కుంగుతుంది. తక్కువైతే పొరలు అతుక్కోవు. లోపల గాలిబుడగ ఉంటే ధార తెగుతుంది. ఆరి, కాలేసరికి పాత్ర సుమారు పదోవంతు కుదించుకుపోవచ్చు. ఒకవైపు ముందుగా ఆరితే పగుళ్లు వస్తాయి. 573 డిగ్రీల సెల్సియస్ వద్ద మట్టిలోని క్వార్ట్జ్ స్ఫటిక నిర్మాణం మారుతుంది కనుక, ఆ దశలో వేడిని నెమ్మదిగా పెంచాలి, నెమ్మదిగానే తగ్గించాలి.

మరొక ముఖ్యమైన తేడా అదిమే పనిలో ఉంది. మన కుమ్మరి సారెపై తీసిన కుండను కొంత ఆరనిచ్చి, లోపల రాయి ఆనించి, వెలుపల కొయ్యతో తట్టి గోడను పలుచన చేస్తాడు, అడుగును మూస్తాడు. ఆ దెబ్బలతో మట్టి గట్టిపడుతుంది. సాధారణ ముద్రణలో ఈ దశ లేదు. అందువల్ల పొరల అతుకే పాత్రకు బలహీన స్థానమవుతుంది.

ముగింపు

ఇంగ్లండులో పనిచేసే కుమ్మరి జొనాథన్ కీప్ తాను రూపొందించిన మట్టి ముద్రణ యంత్రపు నమూనాను అంతర్జాలంలో ఉచితంగా అందించారు. చేతివృత్తి తెలిసినవారే యంత్రాన్నీ రూపొందించగలరని ఇది తెలుపుతోంది. కుమ్మరిని కేవలం మట్టి కలిపి, ఆవము కాల్చే కూలీగా నిలిపి, ఆకృతిపై హక్కును కంప్యూటరు ముందు కూర్చున్నవారికే ఇవ్వడం సమన్వయం కాదు. మట్టి పాళ్లు, గోడ మందం, కాల్పు క్రమం నిర్ణయించే స్థానం ఆయనకు దక్కినప్పుడే సంప్రదాయమూ సాంకేతికతా నిజంగా కలిసినట్లు.