తుపాకీ మీది గొట్టంలో సాలీడు

రండర్రా, అరుగు మీద బోలెడు చోటుంది. చంటిదాన్ని గోడవార కూర్చోబెట్టండి, లేకపోతే కునుకు తీసి కింద పడుతుంది. చిన్నోడా, ఆ సెల్లు పక్కన పెట్టు. పొద్దున్నుంచీ ఆ లాస్ వేగస్ వీడియోనే తిప్పి తిప్పి చూస్తున్నావు కదా, దాని సంగతే చెబుతాను.

ఆ ఊళ్లో ఏటా జనవరిలో తుపాకుల వ్యాపారుల ప్రదర్శన జరుగుతుంది. పేరు షాట్ షో. 1979లో సెయింట్ లూయిస్‌లో మొదలైంది. మన నాంపల్లి నుమాయిష్ కూడా ఆ రోజుల్లోనే నడుస్తుంది గానీ, నుమాయిష్‌లాగా టిక్కెట్టు కొనుక్కుని ఎవరు పడితే వాళ్లు వెళ్లేది కాదది. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లనే రానిస్తారు. ప్రదర్శనకు ముందురోజు బౌల్డర్ సిటీ దగ్గర ఎడారిలో కొత్త రైఫిళ్లను కాల్చి చూడనిస్తారు కూడా. చిన్నోడు చూస్తున్నది ఆ ఎడారే. వాడు ఇందాక మంచి ప్రశ్న అడిగాడు: "తాతయ్యా, కొన్నిటికి తుపాకీ కంటే పైనున్న గొట్టమే, ఆ స్కోపే, ఎక్కువ ఖరీదట, ఎందుకని?"

ముందుగా ఒక మాట చెప్పనివ్వండి. తుపాకీ ప్రాణం తీసే వస్తువు. దాన్ని చూసి మురిసిపొమ్మని నేను మీకు ఎన్నడూ చెప్పను. కానీ ఆ గొట్టంలో దాగున్న చదువు ఉంది చూశారూ, అది ఆకాశం నుంచి దిగొచ్చిన చదువు. నక్షత్రాలు చూసుకునేవాడి చేతిలో పుట్టింది. ఇంకా నిజం చెప్పాలంటే, ఒక సాలీడు పెట్టిన భిక్ష.

ఇంగ్లండులో లీడ్స్ ఊరి దగ్గర విలియం గాస్కాయిన్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. 1640 ప్రాంతం మాట. గెలీలియో దూరదర్శిని పట్టుకుని ఆకాశం చూసి అప్పటికి ముప్పై ఏళ్లే అయింది. గాస్కాయిన్ ఒకరోజు తన దూరదర్శినిలోంచి చూస్తే దూరపు దృశ్యం మీద సన్నటి గీత కనిపించింది. తీరా చూస్తే, తెరిచి ఉన్న గొట్టంలోకి సాలీడు దూరి దారం అల్లింది! మనమైతే చీపురుపుల్లతో దులిపేసేవాళ్లం. అతను దులపలేదు. కంటికి అంత దగ్గరున్న దారమూ, ఎక్కడో దూరాన ఉన్న వస్తువూ రెండూ ఒకేసారి స్పష్టంగా ఎలా కనిపిస్తున్నాయని ఆలోచనలో పడ్డాడు.

దీని మర్మం మీరే చూడొచ్చు. రేపు పగలు నా భూతద్దం తీసుకుని, కిటికీకి ఎదుటి గోడ దగ్గర పట్టుకోండి. ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒకచోట గోడ మీద బొమ్మ పడుతుంది. కిటికీ, దాని బయట కొబ్బరిచెట్టు, చెట్టు మీద కాకితో సహా, అన్నీ తలకిందులుగా! దూరదర్శిని ముందు అద్దం చేసే పని అదే. గొట్టం లోపల, గోడ లేకపోయినా, గాల్లోనే ఆ బొమ్మ నిలుస్తుంది. కంటివైపు అద్దం దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. సరిగ్గా ఆ బొమ్మ నిలిచే చోటే సాలీడు దారం లాగింది. అందుకే బొమ్మతో పాటు దారమూ స్పష్టంగా కనిపించింది.

గాస్కాయిన్ వెంటనే దాన్ని పనిలో పెట్టాడు. బొమ్మ నిలిచే చోట సన్నటి అంచులు అమర్చి, మరతో జరుపుతూ చంద్రుడి వెడల్పు ఎంతో, గ్రహాల వెడల్పు ఎంతో కొలిచాడు. అంతకుముందు దూరదర్శిని చూపించేది, అంతే. ఇతను దాని చేత కొలిపించాడు. పాపం, 1644 జులై 2న, వాళ్ల అంతర్యుద్ధంలో మార్‌స్టన్ మూర్ దగ్గర జరిగిన పోరులో చచ్చిపోయాడు. ముప్పై రెండేళ్లో ఎంతో ఉంటాయి. షాట్ షోలో పెట్టే స్కోపుల్లో కనిపించే అడ్డగీత, నిలువుగీత ఆ సాలీడు దారానికి వారసులే. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా కాలిఫోర్నియాలో నాన్ సాంగర్ అనే ఆవిడ సాలీళ్లను పెంచి, వాటి దారం తీసి, అమెరికా సైన్యం పరికరాలకు ఇచ్చింది. ఇప్పుడు గాజు మీదే గీత చెక్కుతున్నారు. దాన్ని రెటికిల్ అంటారు.

ఆ గీతతో ఒక తంటా ఉంది. చిట్టితల్లీ, గోడగడియారం కేసి చూడు. నేను కూర్చున్న చోటి నుంచి పెద్ద ముల్లు పన్నెండు మీద ఉంది, నువ్వు పక్కన కూర్చున్నావు కాబట్టి నీకు కాస్త జరిగినట్టు కనిపిస్తుంది. ముల్లుకీ అంకెల పలకకీ మధ్య ఎడం ఉంది కనుక ఆ తేడా. దూరపు బొమ్మకీ గీతకీ మధ్య వెంట్రుకవాసి ఎడం ఉన్నా గొట్టంలో అదే తంటా: కన్ను కాస్త కదిపితే గీత గురి మీంచి జరుగుతుంది. దాన్ని పారలాక్స్ అంటారు. ఖరీదైన స్కోపులకు ఎడమపక్కన ఒక మీట ఉంటుంది. అది తిప్పితే లోపలి అద్దం జరిగి బొమ్మ సరిగ్గా గీత మీదికి వచ్చి కూర్చుంటుంది. పైన ఒకటి, కుడిపక్కన ఒకటి మరో రెండు మీటలు ఉంటాయి. వాటి పేరు టరెట్లు. తిప్పుతుంటే "టిక్, టిక్" మంటాయి. ఒక్కో టిక్కుకీ లోపల సన్నటి మర ఒకటి, తలకిందులైన బొమ్మను నిటారుగా నిలబెట్టే చిన్న గొట్టాన్ని స్ప్రింగుకు ఎదురుగా ఇసుమంత నెడుతుంది. ఆ ఇసుమంత ఎంతో తెలుసా? వంద మీటర్ల దూరంలో గురి సరిగ్గా ఒక సెంటీమీటరు జరిగేంత.

తుపాకీవాళ్ల కొలతకు మిల్ అని పేరు. వెయ్యి మీటర్ల దూరానికి ఒక మీటరు వెడల్పు, అంతే లెక్క. వంద మీటర్లకు పది సెంటీమీటర్లు. ఒక టిక్కు అంటే మిల్లులో పదో వంతు. ఇంకో కొలత ఉంది, నిమిషం. గడియారపు నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. వంద మీటర్ల దగ్గర సుమారు 2.9 సెంటీమీటర్లు. చక్కటి చూపున్న కంటికి రెండు చుక్కలు విడివిడిగా కనిపించాలంటే ఉండాల్సిన ఎడం కూడా దరిదాపు అంతే. మన కంటి హద్దు దగ్గరే తుపాకీవాళ్ల కొలబద్ద మొదలవడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

అయితే ఆ టిక్కులు ఎందుకు తిప్పాలి? తూటా తిన్నగా పోదు కనుక. తుపాకీ గొట్టం వదిలిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతూ ఉంటుంది. గాలి మాట పక్కన పెడితే, చదునైన నేల మీద తిన్నగా పేల్చిన తూటా, అదే ఎత్తు నుంచి చేత్తో జారవిడిచిన గోళీ ఒకేసారి నేలను తాకుతాయి. దూరపు గురికి బాగా పేరుపడ్డ తూటా ఒకటుంది, 6.5 క్రీడ్‌మూర్. 2007లో హార్నడీ కంపెనీ తెచ్చింది. అది సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. కిలోమీటరు దూరం చేరేలోపు ఒకటిన్నర సెకన్లు దాటుతుంది, ఆపాటికి పది మీటర్లకు పైనే కిందికి దిగిపోతుంది. అంటే కొబ్బరిచెట్టు మొదలు కొట్టాలంటే తుపాకీ గొట్టాన్ని మట్టల వైపు చూపించాలన్నమాట. తుపాకీ గొట్టం పైకి చూస్తూ ఉండాలి, స్కోపులో గీత మాత్రం గురి మీదే నిలవాలి. ఆ తేడాను సరిచేసేవే ఆ టిక్కులు. వెయ్యి సార్లు తిప్పినా ప్రతి టిక్కూ ఒకే అడుగు వేయాలి, తిప్పి వెనక్కి తెస్తే మొదటి చోటుకే రావాలి. చిన్నోడా, ఆ ఖరీదులో ముఖ్యభాగం ఆ నిజాయితీదే.

బొంగరం సంగతి చెప్పలేదు కదూ! తిరిగే బొంగరం నిలబడుతుంది, తిరగనిది దొర్లిపోతుంది. తూటాకూ అంతే. తుపాకీ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు చెక్కుతారు. క్రీడ్‌మూర్ గొట్టంలో మామూలుగా ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు. గుణించుకోండి: బయటికొచ్చేసరికి తూటా నిమిషానికి సుమారు 2,40,000 చుట్లు తిరుగుతూ ఉంటుంది. మీ బొంగరాలన్నీ దాని ముందు కునికిపాట్లు పడుతున్నట్టే.

ఈ తిరుగుడు లెక్కను శాస్త్రంగా చూపించిన మహానుభావుడు బెంజమిన్ రాబిన్స్. 1742లో ఫిరంగి విద్య మీద పుస్తకం రాశాడు. అంత పెద్ద లెక్కల పండితుడు ఆయిలర్ దాన్ని జర్మన్‌లోకి తెచ్చి వ్యాఖ్యానం రాశాడంటే చూసుకోండి. రాబిన్స్ చేసిన పరీక్ష ఒకటుంది, వింటే మీకు ఈ రాత్రి నిద్ర పట్టదు. ఒక తుపాకీ గొట్టం చివరను కావాలని ఎడమకు వంచాడు. దారిలో వరసగా పల్చటి కాగితాలు కట్టాడు. గుండు మొదట ఎడమకే పోయింది. తర్వాత కాగితాల చిల్లులు చూస్తే, మెల్లగా వంకర తిరిగి కుడికి వచ్చేసింది! వంపు దగ్గర గొట్టం గోడకు రాసుకుని గుండు గిర్రున తిరిగింది, ఆ తిరుగుడుకు గాలి దాన్ని పక్కకు నెట్టింది. మీ క్రికెట్‌లో స్పిన్ బంతి గాల్లోనే పక్కకు కొట్టుకుపోతుంది చూశారూ, అదే. ఎలా పడితే అలా తిరిగితే దారి తప్పుతుంది, ముందుకు ముక్కు పెట్టి బొంగరంలా తిరిగితే దారి పడుతుంది. అందుకే గాళ్లు. ఈ రాబిన్స్ చివరికి ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి మన దక్షిణాదికే వచ్చాడు. కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోటలో 1751లో జ్వరంతో పోయాడు.

నూరేళ్ల తర్వాత జోసెఫ్ విట్‌వర్త్ ఆ తిరుగుడు కోసమే ఆరుపలకల గొట్టం చేశాడు. మరల చుట్లకు కొలత ఏర్పరచిన విట్‌వర్త్ ఆయనే. లేత్ పనివాళ్లకు ఆ పేరు తెలుసు. 1860 జులై 2న వింబుల్డన్‌లో తుపాకీ గురి పోటీలు మొదలుపెడుతూ విక్టోరియా రాణి ఆయన రైఫిలుతోనే తొలి గుండు పేల్చింది. పేల్చిందంటే, తుపాకీని దిమ్మకు బిగించి ఉంచితే ఆవిడ పట్టుతాడు లాగిందంతే. 400 గజాల దూరాన గుండు నడిమధ్యకు రెండంగుళాల లోపే తగిలింది. తారీఖు గమనించారా? జులై 2. గాస్కాయిన్ పోయిన తారీఖు, పాత క్యాలెండరు లెక్కలో!

ఇక అద్దాల మాట. మామూలు గాజు ముఖం ఒక్కోటీ తన మీద పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులు వెనక్కి తిప్పికొడుతుంది. పది అద్దాలుంటే ఇరవై ముఖాలు. లెక్క వేస్తే సగం వెలుగు కూడా కంటికి చేరదు. 1935లో జర్మనీ జైస్ కంపెనీలో స్మకులా అనే ఆయన గాజు మీద కంటికి ఆననంత పల్చటి పూత వేసి దాన్ని తగ్గించాడు. మీ నాన్న కళ్లజోడును వంచి చూస్తే ఆకుపచ్చగానో ఊదాగానో మెరుస్తుంది చూడండి, ఆ కుటుంబమే. ఇప్పటి మంచి స్కోపులో పూత పుణ్యమా అని నూటికి తొంభై వంతుల వెలుగు దక్కుతుంది. చలికి లోపల మసకపట్టకుండా గాలి తీసేసి నైట్రోజనో ఆర్గానో నింపి మూసేస్తారు.

ఆ ప్రదర్శనలో "ఇరవై అయిదు రెట్లు, ముప్పై రెట్లు" అని గొప్పగా చెప్పుకుంటారు గానీ, రెట్లు చూసి మోసపోకూడదని నా అభిప్రాయం. ముందు అద్దం 56 మిల్లీమీటర్లనుకోండి. పాతిక రెట్లు పెంచితే వెనక నుంచి కంట్లోకి వచ్చే వెలుగుపుంజం రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. సందెవేళ మన కంటిపాప అయిదారు మిల్లీమీటర్లు తెరుచుకుని వెలుగు కోసం ఎదురుచూస్తుంటే, దానికి దొరికేది ఆ సూదిబెజ్జమంత. బొమ్మ పెద్దదీ అవుతుంది, చీకటిదీ అవుతుంది.

అసలు రెట్లే లేకుండా కూడా గురి కొట్టొచ్చు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు కదా. ఆ పోటీలో స్కోపు పెట్టనివ్వరు. వెనక సన్న చిల్లు, ముందు చిన్న వలయం, అంతే. కొట్టాల్సిన నడిమి చుక్క అర మిల్లీమీటరు. పెద్దది చేసి చూపే అద్దమేదీ లేకుండా అంత గురి ఎలాగంటే, సన్న చిల్లులోంచి చూస్తే దగ్గరిదీ దూరందీ రెండూ తేటపడతాయి. కళ్లజోడున్న అక్క దాన్ని తీసేసి, అట్టముక్కకు గుండుసూదితో చిల్లు పొడిచి అందులోంచి క్యాలెండరు చూస్తే తెలుస్తుంది.

కొత్తగా ఇప్పుడు స్కోపులోనే లేజరు, చిన్న కంప్యూటరు పెడుతున్నారు. 2022లో అమెరికా సైన్యం వోర్టెక్స్ కంపెనీకి అలాంటి దానికే పెద్ద ఆర్డరిచ్చింది. మీట నొక్కితే దూరం ఎంతో కొలిచి, గాలి బరువు, వేడి లెక్క వేసి, ఎక్కడ గురి పెట్టాలో చుక్క వెలిగించి చూపిస్తుంది. భలే పని. కానీ అడ్డంగా వీచే గాలి మాత్రం దానికి ఇంకా చిక్కలేదు. గాలి తుపాకీ దగ్గర ఒకలా, సగం దారిలో ఒకలా, గురి దగ్గర ఇంకోలా ఉంటుంది. అందుకే ఆ ఎడారిలో గురికాళ్ల పక్కన ఒక మనిషి వేరే దూరదర్శిని పెట్టుకుని కూర్చుంటాడు. అతను చూసేది గురిని కాదు. అద్దాన్ని కాస్త ఇవతలికి తిప్పి, సగం దారిలో నేల మీంచి లేచే వేడి అలలను చూస్తాడు. అలలు నిలువుగా ఉడుకుతుంటే అడ్డగాలి లేనట్టు. ఒక పక్కకు వాలి పారుతుంటే గాలి అటు తోస్తున్నట్టు. ఎంత వాలితే ఎన్ని టిక్కులో అతనికి ఏళ్ల అలవాటు మీద తెలుస్తుంది.

రేపు మధ్యాహ్నం చెరువుగట్టు దగ్గర తారురోడ్డు మీద ఆ అలలు మీకూ కనిపిస్తాయి. చెప్పుల్లేకుండా పోకండి, కాళ్లు బొబ్బలెక్కుతాయి. అలలు ఏ పక్కకు పారుతున్నాయో చూసొచ్చి సాయంత్రం నాకు చెప్పండి.